ఎదుట కూర్చున్న విశ్వాసిని తెలుసుకోవడం: క్రైస్తవ కౌన్సెలింగ్‌లోకి కొత్తగా వచ్చేవారికి

గుంటూరులో నాది చిన్న కౌన్సెలింగ్ గది. పాస్టరు గారి కూతురిగా చర్చి ఆవరణలోనే పెరిగి, తర్వాత క్లినికల్ సైకాలజీ చదివాను. నా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది క్రైస్తవులే. లూథరన్లు, బాప్టిస్టులు, రోమన్ కాథలిక్కులు, బ్రదరన్ వారు, పెంతెకొస్తు వారు, ఏ సంఘానికీ వెళ్లడం మానేసినవారు, అందరూ ఉంటారు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు, సంఘంలో పదిమంది బాధలూ వినే పాస్టరమ్మలకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. చికిత్స పద్ధతుల జోలికి పోను. అంతకంటే ముందు జరగాల్సిన పని గురించి, అంటే వచ్చిన మనిషిని ఎలా తెలుసుకోవాలనే దాని గురించి చెబుతాను.

ఎదుటివారు మనం చదివే బైబిలే చదువుతారు. మనం పాడే కీర్తనలే పాడతారు. "శోధనలో ఉన్నానండి" అనగానే మనకు అంతా అర్థమైనట్టు తల ఊపుతాం. వారి మాట పూర్తి కాకముందే మన దగ్గర వచనం సిద్ధంగా ఉంటుంది. సంగతి వినకముందే జవాబిచ్చేవాణ్ణి సామెతల గ్రంథం 18వ అధ్యాయం గట్టిగా మందలించింది. ఆ మందలింపు ముందుగా మనలాంటివారికే వర్తిస్తుందని నా నమ్మకం. విశ్వాసం ఒకటి కావడం వల్ల తలుపు త్వరగా తెరుచుకుంటుంది, నిజమే. కానీ లోపల ఎవరున్నారో మాత్రం ఒక్కొక్కరినీ అడిగే తెలుసుకోవాలి.

ఈ మాట కొత్తది కాదు. ఆంటన్ బోయ్‌సెన్ అనే అమెరికన్ పాదిరి 1920లో తీవ్రమైన మానసిక సంక్షోభంతో ఆస్పత్రి పాలయ్యాడు. కోలుకున్న తర్వాత మసాచుసెట్స్‌లోని వూస్టర్ ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో చాప్లిన్‌గా, అంటే ఆస్పత్రి పాదిరిగా చేరి, 1925 వేసవిలో వేదాంత విద్యార్థులను వార్డుల్లోకి తీసుకొచ్చాడు. ఆ విద్యార్థులు రోగుల దగ్గర సహాయకులుగా పనిచేస్తూనే వారిని గమనించి రాసుకోవాలి. లేఖనాలను ఎంత ఓపికగా చదువుతామో బాధపడే మనిషిని కూడా అంత ఓపికగా చదవాలని, ప్రతి మనిషీ ఒక సజీవ పత్రమని అతను నేర్పాడు. మన దేశంలో 1950లో లక్నోలో నూర్ మంజిల్ మానసిక వైద్య కేంద్రాన్ని స్థాపించిన మిషనరీ ఇ. స్టాన్లీ జోన్స్ కూడా భారతదేశానికి వచ్చిన తొలి సంవత్సరాల్లో నరాల బలహీనతతో కుప్పకూలి, పని ఆపాల్సి వచ్చినవాడే. గట్టి విశ్వాసి మనసు జబ్బు పడదనే ఆలోచన మీలో ఏ మూలనైనా ఉంటే మొదటి పేషెంటు రాకముందే దాన్ని బయట పెట్టి రండి.

మొదటి ఫోను, మొదటి పది నిమిషాలు

తెలుసుకోవడం ఫోనులోనే మొదలవుతుంది. మన దగ్గర చాలాసార్లు బాధపడుతున్న మనిషి ఫోను చేయరు. తల్లో, భర్తో, సంఘ పెద్దో చేస్తారు. ఎవరు చేశారో, బాధను ఏ పేరుతో పిలిచారో వారి మాటల్లోనే రాసుకోండి. "అమ్మాయికి మొండితనం ఎక్కువైంది" అన్న తల్లి మాట, "సిస్టర్ గారు ఆత్మీయంగా చల్లబడ్డారు" అన్న పెద్ద మాట, వచ్చాక "నాకు రాత్రిళ్లు నిద్ర లేదు" అనే ఆ మనిషి మాట, ఈ మూడూ పక్కపక్కన ఉండాలి. తర్వాత ఫోను బాధపడుతున్న మనిషికే ఇవ్వమని, "మీకు రావాలని ఉందా?" అని అడగండి. బేతెస్ద కోనేటి దగ్గర ముప్పై ఎనిమిదేళ్లుగా పడి ఉన్నవాణ్ణి కూడా యేసు ముందుగా స్వస్థపడాలని ఉందా అని అడిగాడు. బలవంతం మీద వచ్చినవారు మొదటి వారమంతా మౌనంగా కూర్చున్నా నేను తప్పు పట్టను. మౌనంగా ఉండే హక్కు తమకుందని చూసినవారే తర్వాత మాట్లాడతారు.

గదిలో, పేషెంటు కళ్లకు ఎదురుగా వచనాల పటం పెట్టవద్దు. ఇది నా పట్టుదల. "భయపడకుము" అని పెద్ద అక్షరాలతో ఉన్న గోడకు ఎదురుగా కూర్చుని నాకు భయంగా ఉందని చెప్పడం ఎంత కష్టమో ఆలోచించండి. నా గదిలో చిన్న చెక్క శిలువ ఉంది, నా కుర్చీ వెనక కాకుండా పక్క అరలో. నీళ్ల చెంబు, గడియారం, మూడు కుర్చీలు. మూడో కుర్చీ వెంట వచ్చినవారి కోసం. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల మానసిక వైద్య విభాగంలో రోగితోపాటు కుటుంబ సభ్యులు కూడా ఉండే పద్ధతి ఎన్నో దశాబ్దాలుగా ఉంది. మన మనుషులను కుటుంబం నుంచి విడదీసి అర్థం చేసుకోలేం. అయితే ప్రతి సమావేశంలో కొంతసేపైనా పేషెంటు ఒక్కరే ఉండాలి. ఆ సంగతి ముందే, అందరి ఎదుటా చెప్పండి.

వివరాల కాగితం కూడా జాగ్రత్తగా నింపాలి. పేరు, మతం, కులం అనే గళ్లు మన క్రైస్తవులకు మామూలు గళ్లు కావు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, దాని తర్వాతి సవరణల ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ కులాల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవారిని బీసీ-సిలో లెక్కిస్తారు. అందువల్ల ఎంతోమందికి సర్టిఫికెట్‌లో ఒక పేరు, బాప్తిస్మంలో ఒక పేరు. ఆఫీసులో ఒక మనిషిగా, ఆదివారం మరో మనిషిగా బతికే అలసట కొందరికి చిన్నతనం నుంచే అలవాటు. "మిమ్మల్ని ఏ పేరుతో పిలవమంటారు?" అని అడిగి, వారు చెప్పిందే రాయండి. మతం గడిని నేను ఖాళీగా వదిలేస్తాను. వారే చెప్పినప్పుడు నా నోట్సులో రాసుకుంటాను, ఆ కాగితం ఎవరి చేతికి వెళుతుందో, ఎవరికి వెళ్లదో చెప్పిన తర్వాత.

సాక్ష్యం పూర్తిగా వినండి, తర్వాత మంగళవారం గురించి అడగండి

మన విశ్వాసులకు తమ కథ చెప్పడం వచ్చు. ఎన్నోసార్లు సంఘంలో నిలబడి చెప్పిన సాక్ష్యం ఉంటుంది. పాత జీవితం, మారుమనస్సు, బాప్తిస్మం, దేవుడు చేసిన మేలులు. మొదటి రోజు చాలామంది ఆ వరసలోనే మొదలుపెడతారు. దాన్ని అడ్డుకోవద్దు, తొందరపెట్టవద్దు. వారి జీవితంలో గౌరవంగా నిలబడగలిగిన చోటు అదే కావచ్చు. కానీ సాక్ష్యం విజయంతో ముగుస్తుంది, మీ ఎదుట కూర్చున్న మనిషి మాత్రం ఏడుస్తున్నారు. ఆ రెండింటి మధ్య ఏం జరిగిందన్నదే మీరు తెలుసుకోవాల్సింది.

నేను ఇలా అడుగుతాను: "మంచిది. ఆ తర్వాత?" కొద్దిసేపు ఆగి, "మొన్న మంగళవారం ఎలా గడిచింది? లేచిన దగ్గర నుంచి చెప్పండి." ఆదివారం గురించి కాకుండా మంగళవారం గురించి అడగడానికి కారణం ఉంది. ఆదివారానికి మన దగ్గర ఒక రూపం ఉంది, ఇస్త్రీ చీర ఉంది, "వందనాలండి" అనే పలకరింపు ఉంది. మంగళవారం ఎప్పుడు లేచారు, టిఫిను తిన్నారా, ఎవరితో మాట్లాడారు, మధ్యాహ్నం తలుపు వేసుకుని ఎంతసేపు పడుకున్నారు, ఇవి వరసగా వస్తుంటే రెండు నెలలుగా ఆమె వంటగదిలోనే నిలబడి తింటున్నారని, భర్తతో మాట్లాడటమంతా పిల్లవాడి ద్వారానే జరుగుతోందని తెలుస్తుంది. ఇవేవీ సాక్ష్యంలో ఉండవు.

ఇక మాటల సంగతి. "ప్రార్థన చేయలేకపోతున్నాను" అనే ఒక్క వాక్యాన్ని తీసుకోండి. నా గదిలో నేను ఎక్కువగా విన్న వాక్యం ఇదే. (ఇక్కడ చెప్పేవారెవరినీ గుర్తుపట్టలేనట్టు వివరాలు కలిపి, మార్చి రాస్తున్నాను.) ఒక టీచరు గారికి దాని అర్థం, రెండు నిమిషాలు కూడా మనసు నిలవడం లేదని. పత్రిక చదివినా, పిల్లల పేపర్లు దిద్దినా అంతేనట. అది డిప్రెషన్ లక్షణం. ఒక యువకుడికి అర్థం, చేసిన పని ఒకటి చెప్పుకోలేక దేవుని ఎదుటికి రావడానికి సిగ్గుగా ఉందని. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి అర్థం, నోరు తెరిస్తే దేవుణ్ణి తిట్టేస్తానేమోనని భయం. మరొకామెకు అర్థం, తెల్లవారుజామున నాలుగింటి ప్రార్థన అలవాటు రాత్రి వేసుకునే మాత్రల మత్తు వల్ల తప్పిపోయిందని. ఇంకొకామె చెప్పింది చాలా చిన్న మాట: ఇంట్లో మోకరించే చోటు లేదు, అత్తగారింట్లో అందరూ చూసి నవ్వుతారు. ఈ ఐదుగురికీ "విసుగక ప్రార్థన చేయండి" అని చెప్పి పంపిస్తే ఏమవుతుందో ఊహించండి. అందుకే ఆ వాక్యం వినగానే మీరు చేయవలసిన పని ఇంతే: "చేయడానికి కూర్చున్నప్పుడు ఏమవుతుంది?" అని అడిగి, జవాబు వచ్చేదాకా నిశ్శబ్దంగా ఉండటం.

"భారంగా ఉంది", "దేవుడు నాతో మాట్లాడారు", "వెనకబడిపోయాను", "శత్రువు దాడి" అనే మాటలన్నింటి విషయంలోనూ ఇలాగే చేయండి. ఆ మాటను వెంటనే మానసిక శాస్త్ర పదంలోకి మార్చేయకండి, వెంటనే ఆమెన్ కూడా అనకండి. "అది మొన్న ఎప్పుడు జరిగిందో చెప్పండి" అంటే చాలు.

ఏ దేవునితో బతుకుతున్నారు?

క్రైస్తవ చికిత్సకులుగా మనం మాత్రమే వెళ్లగలిగే చోటు ఇది. మిగతావారు మొహమాటపడి దాటేస్తారు. 1996లో అమెరికాలో డాక్టర్ క్రిస్టీనా పుచాల్‌స్కీ వైద్యుల కోసం ఒక చిన్న ప్రశ్నావళి రూపొందించారు. విశ్వాసం ఏమిటి, జీవితంలో దానికి ఎంత చోటుంది, ఏ సమాజంలో ఉన్నారు, చికిత్సలో దాని గురించి మేమేం చేయాలి అనే నాలుగు విషయాలు అందులో ఉంటాయి. మొదలుపెట్టడానికి అది చక్కగా పనికొస్తుంది. కానీ మన పని అక్కడ ఆగకూడదు.

మూడో వారమో నాలుగో వారమో, కొంచెం నమ్మకం కుదిరాక నేను అడుగుతాను: "ప్రార్థనకు కళ్లు మూసుకున్నప్పుడు ఆయన మీకు ఎంత దూరంలో ఉన్నట్టు ఉంటుంది? మీ వైపు చూస్తుంటారా? చూస్తుంటే ముఖం ఎలా ఉంటుంది?" చదువుకున్న విశ్వాసి ముందు సండే స్కూలు జవాబు చెబుతారు: దేవుడు ప్రేమాస్వరూపి. "అది మనం నమ్మేది. మీకు కనిపించేది చెప్పండి" అంటాను. అప్పుడు వచ్చే జవాబులు వేరుగా ఉంటాయి. వీపు తిప్పి నిలబడ్డారని ఒకరు. హాజరు పుస్తకం పట్టుకుని ఉన్నారని ఒకరు. వేరేవాళ్ల ప్రార్థనలు వింటూ తీరిక లేకుండా ఉన్నారని ఒక ఇంటి పెద్ద కూతురు. ఆమెకు ఐదుగురు తోబుట్టువులు.

అనా మరియా రిజ్జుటో అనే మానసిక విశ్లేషకురాలు 1979లో ప్రచురించిన అధ్యయనంలో పేషెంట్ల చేత కుటుంబాన్నీ, దేవుణ్ణీ బొమ్మలుగా గీయించారు. మనిషి మనసులోని దేవుని రూపం తల్లిదండ్రులతో, ఇతర పెద్దలతో గడిపిన అనుభవాల నుంచి ఎలా తయారవుతుందో చూపించారు. నేను కూడా తెల్లకాగితం, పెన్సిలు ఇస్తాను. గీయడానికి ఇష్టపడని బ్రదరన్ విశ్వాసులు ఉంటారు. వారికి దేవుని రూపం గీయడం తప్పుగా తోస్తుంది. వారిని బలవంతపెట్టకుండా, ఇష్టమైన వాక్యభాగం ఏదో, చదవడానికి భయపడే వాక్యభాగం ఏదో అడుగుతాను. రెండో ప్రశ్నకు వచ్చే జవాబు మరింత విలువైనది.

ఇక్కడ వేదాంతం సరిదిద్దాలనే కోరిక బలంగా పుడుతుంది. ఆపుకోండి. వీపు తిప్పిన దేవుణ్ణి మీరు ఒక్క వాక్యంతో ఇటు తిప్పలేరు. మీరు సరిదిద్దిన మరుక్షణం ఆ మనిషి మీకు నచ్చే జవాబులు చెప్పడం మొదలుపెడతారు. ఆ తర్వాత మీకు ఆ మనిషి తెలియరు. "దేవుడు నన్ను శిక్షిస్తున్నాడు, వదిలేశాడు" అనే భావాన్ని చిన్నదిగా చూడకూడదనడానికి ఆధారం కూడా ఉంది. అమెరికన్ మనస్తత్వవేత్త కెన్నెత్ పార్గమెంట్ బృందం 55 ఏళ్లు, అంతకు పైబడిన దాదాపు 600 మంది రోగులను రెండేళ్లపాటు గమనించి 2001లో ఫలితాలు ప్రచురించింది. దేవుడు తమను విడిచిపెట్టాడని, ప్రేమించడం లేదని బాధపడినవారిలో మరణించే అవకాశం ఎక్కువగా కనిపించింది. కాబట్టి ఆ మాట విన్నప్పుడు పెన్ను పక్కన పెట్టి వినండి. యోబు స్నేహితులు ఏడు రోజులు నేలమీద మాట్లాడకుండా కూర్చున్నంత కాలం మంచి స్నేహితులుగానే ఉన్నారు. దేవుని మీద కోపం చెప్పుకోలేకపోతున్నవారికి నేను 88వ కీర్తన తెరిచి ఇస్తాను. అది చీకటితోనే ముగుస్తుంది. "ఇది కూడా బైబిల్లో ఉందా?" అని కొందరు తలెత్తి చూస్తారు. ఆ రోజు నుంచి మాట తీరు మారుతుంది.

మూడు తరాలు, ఒక సంఘం

కుటుంబ వృక్షం ప్రతి చికిత్సకుడూ గీస్తాడు. మీరు దానిలో ఇంకో వరస కలపండి: ఎవరు ఎప్పుడు విశ్వాసంలోకి వచ్చారు, ఎవరు రాలేదు, ఎవరు వదిలేశారు, ఎవరు ఏ సంఘం నుంచి ఏ సంఘానికి మారారు, ఎవరి పెళ్లికి ఎవరు రాలేదు. ఒంగోలు వైపు నుంచి వచ్చిన పెద్దవారిని అడిగితే కథ కొన్నిసార్లు 1878 దాకా వెళుతుంది. దక్షిణాదిని కరవు పీడించిన ఆ రోజుల్లో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకం పని తీసుకుని కరవు బాధితులకు కూలి ఇప్పించాడు. ఆ ఏడాది జులైలో వెలంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. "మా ముత్తాత ఆ రోజు అక్కడ ఉన్నాడు" అని చెప్పే మనిషికి విశ్వాసం అంటే వంశ గౌరవం. అలాంటి ఇంట్లో ఒక అబ్బాయి "నాకు నమ్మకం లేదు" అన్నాడంటే నాలుగు తరాల ముందు నిలబడి అన్నట్టే. ఇంట్లో మొదటి విశ్వాసిగా నిన్నగాక మొన్న వచ్చిన అమ్మాయి పరిస్థితి దీనికి పూర్తిగా వేరు. పండక్కి ఇంటికి వెళ్లాలా వద్దా, నాన్న కర్మకాండల్లో నిలబడాలా వద్దా అనేవి ఆమె నిద్రను చెడగొట్టే ప్రశ్నలు. ఇద్దరూ "కుటుంబంతో ఇబ్బంది" అనే చెబుతారు.

కులం గురించి కూడా అడగండి, మృదువుగా, తప్పించుకోకుండా. "చర్చిలో మీకు ఎప్పుడైనా వేరుగా అనిపించిందా?" అనే ప్రశ్న నుంచి నేను మొదలుపెడతాను.

సంఘం ఒక్కోసారి మందు, ఒక్కోసారి పుండు. ఎవరు పరామర్శకు వచ్చారు, ఎవరు రాలేదు, ప్రభు బల్లకు ఎప్పటి నుంచి దూరంగా ఉంటున్నారు, కానుక ఇవ్వలేక వెళ్లడం మానేశారా, ఇవన్నీ అడగాలి. పాస్టరు గారి భార్యాపిల్లల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. అందరి బాధలూ వినే ఇంట్లో వారి బాధ చెప్పుకోవడానికి సంఘంలో ఒక్క మనిషి కూడా ఉండరు. ఆ ఒంటరితనం ఎలాంటిదో నాకు ఇంటి నుంచే తెలుసు. అలాంటివారిని నేను ఉదయం వేళ, వెయిటింగు బెంచీ ఖాళీగా ఉన్నప్పుడు రమ్మంటాను.

రహస్యం గురించి స్పష్టంగా చెప్పకుండా ఎవరూ మీకు తెలియనివ్వరు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 23వ సెక్షను చికిత్స వివరాల గోప్యతను రోగి హక్కుగా చెబుతోంది. మనవాళ్లకు చట్టం కంటే ఎక్కువ భయం ప్రార్థనా కూటమిది. "ఫలానా సిస్టర్ కుటుంబం కోసం ప్రార్థించండి, వివరాలు దేవునికి తెలుసు" అని ఒక్కరు అన్నా చాలు, సాయంత్రానికి వివరాలు అందరికీ తెలుస్తాయి. అందుకే నేను మొదటి రోజే చెబుతాను: మీ పేరు నా ప్రార్థనా గుంపులో పలకను, మీ పాస్టరు గారు అడిగినా మీ రాతపూర్వక అనుమతి లేకుండా ఒక్క మాట చెప్పను. ప్రాణానికి ప్రమాదం ఉన్నప్పుడు, పిల్లల మీద లైంగిక నేరం తెలిసినప్పుడు మాత్రం చెప్పక తప్పదు. 2012 పోక్సో చట్టం ప్రకారం దాన్ని పోలీసులకు తెలపడం నా బాధ్యత. ఈ హద్దులు ముందే తెలిసినవారు ఎక్కువగా నమ్ముతారని నా అనుభవం.

శరీరం, స్వరాలు, చావు మాట

ఏలీయా బదరీ చెట్టు కింద పడుకుని ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నప్పుడు దేవదూత ముందు రొట్టె, నీళ్లు ఇచ్చి, మళ్లీ నిద్రపోనిచ్చాడు. ఇక్కడ నీకేం పని అనే ప్రశ్న నలభై రోజుల తర్వాత, హోరేబు గుహలో వచ్చింది. నిద్ర, ఆకలి, నెలసరి, బరువు, థైరాయిడ్ పరీక్ష, వాడుతున్న మందులు, ఇవి తెలియకుండా ఆత్మ గురించి మాట్లాడవద్దు.

ఉపవాసాల గురించి విడిగా అడగండి. బైపోలార్ రుగ్మత (అతి ఉత్సాహం, దిగులు మారిమారి వచ్చే జబ్బు) ఉన్నవారికి వరుసగా రాత్రి జాగరణ ప్రార్థనలు ప్రమాదం, నిద్ర తగ్గితే ఉన్మాద దశ మొదలు కావచ్చు. లిథియం వాడుతున్నవారు నీళ్లు కూడా మాని ఉపవాసం ఉంటే రక్తంలో ఆ మందు స్థాయి హానికరంగా పెరగవచ్చు. స్వస్థత కూటం తర్వాత మాత్రలు ఆపేయడం కూడా మన దగ్గర మామూలే. "మాత్రలు వేసుకుంటున్నారా?" అంటే అవుననే చెబుతారు. "మధ్యలో ఎప్పుడైనా ఆపాలనిపించిందా? ఆపినప్పుడు ఎలా ఉంది?" అంటే నిజం చెబుతారు. మాత్ర మింగడం అవిశ్వాసమని ఎవరైనా అన్నారా అని కూడా అడగండి. అన్నవారి మీద కోపం చూపవద్దు. ఆ మాట అన్నది ఆమె ప్రాణంగా చూసుకునే అన్న కావచ్చు.

దేవుని స్వరం విన్నానని చెబితే ఏం చేయాలని కొత్తవారు తరచుగా అడుగుతారు. అది దేవుని స్వరమా కాదా అని తీర్పు చెప్పే పని మీది కాదు. వివరాలు తెలుసుకోవడం మీ పని. చెవికి బయటి నుంచి వినిపించిందా, మనసులో తోచిందా? ఎప్పటి నుంచి? ఒక్కరా, ఇద్దరు మాట్లాడుకుంటున్నారా? ఏదైనా చేయమని ఆజ్ఞాపిస్తోందా? ఆ తర్వాత శాంతి కలిగిందా, భయమా? నిద్ర, పని, స్నానం ఎలా ఉన్నాయి? ఆపైన, పేషెంటు అనుమతితో, వారి సంఘంలో నమ్మకమైన పెద్ద ఒకరిని అడగండి. పెంతెకొస్తు సంఘంలో భాషలు మాట్లాడటం, దర్శనం చెప్పడం రోజూ ఉండేవే. ఆ పెద్దే "లేదమ్మా, ఇది మా దగ్గర ఉండే తీరు కాదు, బిడ్డ మారిపోయింది" అంటే ఆ మాటకు చాలా విలువ ఉంది. ఆజ్ఞలు వినిపిస్తున్నా, అనుమానాలు, నిద్రలేమి తోడైనా ఆ వారమే మానసిక వైద్యుడి దగ్గరకు పంపండి, వీలైతే వెంట వెళ్లండి.

ఆత్మహత్య ఆలోచనను క్రైస్తవులు దాస్తారు, అది క్షమాపణ లేని పాపమని చిన్నప్పటి నుంచి విన్నారు కనుక. బయటికి వచ్చేటప్పుడు భక్తి మాటల్లో వస్తుంది: "ప్రభువు నన్ను పిలుచుకుంటే బాగుండు", "పరలోకం వెళ్లిపోతే హాయి." ఎనభై ఏళ్ల అమ్మమ్మ అంటే అది నిరీక్షణ కావచ్చు. ముప్పై ఏళ్ల తల్లి అంటే ఆగి నేరుగా అడగండి: "చనిపోవాలనిపిస్తోందా? ఎలా అని ఆలోచించారా? ఇంట్లో పురుగుమందు ఉందా?" అడిగితే ఆలోచన పుడుతుందేమోనని భయపడకండి. అడిగినందువల్ల ప్రమాదం పెరగదు, చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది. ఆ రోజు కుటుంబంలో ఒకరికి చెప్పి, పురుగుమందు ఇంటి నుంచి తీయించి, వైద్యుడికి చూపించేదాకా వారిని ఒంటరిగా పంపవద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 కాగితం మీద రాసి చేతిలో పెట్టండి. రాత్రి పగలు ఎప్పుడైనా, తెలుగులో కూడా మాట్లాడవచ్చు, ఉచితం.

ప్రార్థన ఎప్పుడు?

వారు అడిగినప్పుడు. మీ కంగారు తగ్గించుకోవడానికి చేయవద్దు. పేషెంటు ఏడుస్తుండగా "ప్రార్థన చేసుకుందామా" అన్నామంటే చాలాసార్లు ఆ ఏడుపు మనం భరించలేకపోయామని అర్థం. ప్రార్థన కోసం కళ్లు మూస్తే వారి ముఖం మీకు కనిపించదు, చెప్పబోయిన మాట లోపలే ఉండిపోతుంది. వారే అడిగితే, గుడ్డివాడైన బర్తిమయిని యేసు అడిగినట్టు అడగండి: "దేని గురించి ప్రార్థించమంటారు?" ఆ జవాబులో అప్పటిదాకా చెప్పనిది ఒకటి తరచుగా ఉంటుంది. భర్త ఉద్యోగం గురించి గంటసేపు మాట్లాడినామె, ప్రార్థన దగ్గరకొచ్చేసరికి "మా చెల్లి నాతో మళ్లీ మాట్లాడాలని" అనవచ్చు. కొందరిని మీరే చేయండి, నేను ఏకీభవిస్తాను అంటాను. మనిషి దేవునితో మాట్లాడే గొంతు, మనతో మాట్లాడే గొంతు ఒకటేనా, వేరా, ఎక్కడ వణికింది, ఇవి వినబడతాయి.

పేషెంటు వెళ్లాక పదిహేను నిమిషాలు ఖాళీ ఉంచుకోండి. నేను నోట్సులో పేజీని మూడుగా మడిచి, వారన్న మాటలు ఒక భాగంలో, నేననుకున్నది ఒక భాగంలో, నాకేమనిపించిందో మూడో భాగంలో రాస్తాను. మూడో భాగాన్ని వదిలేయవద్దు. లూథరన్ ఇంట్లో పెరిగిన నాకు గట్టిగా చప్పట్లు కొట్టే ఆరాధన పరాయిదిగా ఉండేది. స్వస్థత కూటాల నుంచి వచ్చినవారి మాటలు వినేటప్పుడు నా కనుబొమలు ఏం చేస్తున్నాయో నేను తెలుసుకోవాలి. నెలకోసారి ఒక సీనియరు చికిత్సకురాలితో కూర్చుని, పేర్లు చెప్పకుండా, ఈ మూడో భాగమే ఎక్కువగా చర్చిస్తాను. మీకు అలాంటి మనిషి దొరక్కపోతే పని మొదలుపెట్టకముందే వెతుక్కోండి.

నాలుగైదు సమావేశాలయ్యాక, మీరు తెలుసుకున్నదంతా సులభమైన తెలుగులో ఒక పేజీకి మించకుండా రాసి పేషెంటుకే చదివి వినిపించండి. ఏం బాధ, ఎప్పటి నుంచి, ఇంట్లో ఎలా, సంఘంలో ఎలా, దేవునితో ఎలా, ఏది తోడుగా ఉంది. చదివాక పెన్ను వారి చేతికి ఇచ్చి, "తప్పున్న చోట కొట్టేయండి, లేనిది రాయండి" అనండి. పెద్దవారు, చదువు రానివారు అయితే నోటితో చెప్పించుకుని మీరే దిద్దండి. ఎవరో ఒకరు ఏదో ఒకటి కొట్టేస్తారు. కొట్టేసిన వాక్యం దగ్గర ఆగి, అక్కడ నిజంగా ఏముందో అడిగి, వచ్చే వారం పని అక్కడి నుంచే మొదలుపెట్టండి.